పేరు మునగదు

సముద్రంలో పోయాడనుకున్న పీతారాక్ వారం తిరక్కుండా తిరిగొచ్చాడు.

ఎలా వచ్చాడని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. మనిషి మునుగుతాడు గానీ పేరు మునగదని మా ముసలివాళ్ల మాట. అయితే కట్టుకున్న భార్య తుకుమ్మెక్ ఇంటికి కాకుండా, అతను తిన్నగా ఇలంగ్వాక్ ఇంట్లో దిగాడు. చిన్నప్పట్నుంచీ ఇద్దరూ జోడీగా వేటకెళ్లేవాళ్లు. స్నేహమంటే అదీ అని ఊరంతా మెచ్చుకుంది.

ఇలంగ్వాక్‌కి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

జరిగింది అతనొక్కడికే తెలుసు. ఆ ఏడు ఊరికిచ్చిన ఒంటికొమ్ము తిమింగలాల వాటా అయిపోయింది. ఇంకొక్కటి కూడా పట్టకూడదు. పిల్లతో ఉన్న తల్లినైతే ఎప్పుడూ ముట్టకూడదు. ఇలంగ్వాక్ ఒక్క ఈటెతో రెండు తప్పులూ చేశాడు. పిల్ల పక్కనే ఈదుతుండగా తల్లిని పొడిచాడు. పక్క పడవలో పీతారాక్ ఉన్నాడు. ప్రతి వేసవిలోనూ కొండెక్కి కూర్చుని, తిమింగలాల్ని లెక్కపెట్టి వేట ఆఫీసుకు రాసిచ్చేది అతనే.

"రాస్తాన్రా," అన్నాడు పీతారాక్. "స్నేహితుడివైనా సరే, రాస్తా. ఇవాళ తల్లుల్ని మింగేస్తే రేపు మన పిల్లలేం చేస్తారు, మంచు నాకుతారా?"

రాస్తే లైసెన్సు పోతుంది. వేట పోయిన మగాడికి మా ఊళ్లో కుక్కపాటి విలువ ఉండదు. ఇలంగ్వాక్ తెడ్డెత్తి ఒక్కటిచ్చాడు, ఎడమ చెవి వెనక. పడవ బోల్తా కొట్టింది. పీతారాక్ నీళ్లలోంచి రెండు చేతులూ చాచాడు. ఇలంగ్వాక్ తన పడవ వెనక్కి తీసుకున్నాడు.

ఊళ్లోకొచ్చి గుండెలు బాదుకున్నాడు. పీతారాకే ఆశపడి వాటా దాటి ఈటె వేశాడనీ, ఈటెకు కట్టిన తాడు మెడకు చుట్టుకుని తిమింగలం లాక్కుపోయిందనీ చెప్పాడు. లెక్కలు రాసేవాడే దొంగవేటగాడా అని జనం నోళ్లు నొక్కుకున్నారు. తుకుమ్మెక్ తలెత్తుకోలేకపోయింది.

ఇప్పుడా పీతారాక్ ఇలంగ్వాక్ ఇంట్లోనే, పొయ్యి పక్కనే పడుకుని ఉన్నాడు. కాళ్లలో సత్తువ లేదు. మాట లేదు. అన్నీ పక్కలోనే. ఎడమ చెవి వెనక ఎర్రటి మచ్చ.

"తాడు ఒరుసుకుపోయిన చోటు అదే," అని వచ్చినవాళ్లంతా వంగి చూసేవాళ్లు.

ఇలంగ్వాక్ భార్య నివి ఏమాత్రం విసుక్కోలేదు. అతను నమలలేడని సీలు మాంసం తనే నమిలి, మెత్తగా చేసి నోట్లో పెట్టేది. నర్సు వచ్చి, బరువు బాగా పెరుగుతున్నాడని చెప్పి వెళ్లేది. తుకుమ్మెక్ రోజూ వచ్చి ఎదురుగా చతికిలబడేది.

"ఏమయ్యా, కట్టుకున్నదాన్ని కాదని ఇక్కడ మకాం పెట్టావే. నివి చేతి వంట అంత రుచిగా ఉందా?" అని దెప్పేది. అంతలోనే కళ్లు తుడుచుకునేది. "నువ్వు దొంగవేట చేశావంటున్నారు. అవునో కాదో నీ నోటితో చెప్పు. ఎన్నాళ్లైనా ఆగుతా."

పీతారాక్ ఆమె మొహం చూసేవాడు. తర్వాత మెల్లిగా ఇలంగ్వాక్ వైపు తిరిగేవాడు. అదేం చూపో, రెప్పైనా వేసేవాడు కాదు.

తొమ్మిది నెలలు గడిచాయి. ఇలంగ్వాక్ ఒక్కనాడూ అతన్ని చేత్తో ముట్టలేదు. ఇంట్లో కూర్చుని తింటే ముద్ద దిగడం లేదని, చలిలో కుక్కల దగ్గర నిలబడి తినడం అలవాటు చేసుకున్నాడు.

మే నెలలో ఒక పొద్దున నివి నవ్వుతూ ఎదురొచ్చింది.

"పీతారాక్ మాట్లాడాడు. ఒక్కటే మాట, కానీ ముత్యంలా అన్నాడు."

ఇలంగ్వాక్ టీ కప్పు కింద పెట్టాడు. "ఏమన్నాడు?"

"నే చెప్తే ఏం బావుంటుంది? సాయంత్రం తుకుమ్మెక్‌ని రమ్మన్నా. కొత్త వాటా చెప్పడానికొచ్చిన వేట ఆఫీసరు కూడా కాఫీకొస్తానన్నాడు. అందరి ముందూ అతని నోటే విను. నీ గురించేలే."

ఇలంగ్వాక్ లేచి కోటు తొడుక్కున్నాడు.

"ఎండ బాగుంది," అన్నాడు. "కాస్త మంచు మీద తిప్పుకొస్తా."

నివి మొహం విప్పారింది. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది," అంటూ పీతారాక్‌ని ఎలుగుతోలులో చుట్టి తనే బండి మీద పడుకోబెట్టింది. "ఆకలేసేలోపు తీసుకొచ్చెయ్."

కుక్కలు రెండు గంటలు లాగాయి. మంచు తెగి సముద్రం మొదలయ్యేచోట ఇలంగ్వాక్ బండి ఆపాడు. కాస్త దూరంలో ఒక తల్లి తిమింగలం పిల్లతో పైకొచ్చి ఊపిరి వదిలింది. పీతారాక్ అటు చూసి నవ్వాడు. ఆ నవ్వుకి ఇలంగ్వాక్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఏం చెప్పావురా నివికి? తల్లిని పొడిచింది నేనేననా? నిన్ను కొట్టాననా?"

పీతారాక్ తోలులోంచి రెండు చేతులూ బయటికి తీసి చాచాడు. ఆ రోజు చాచినట్టే. పెదాలు కదిలాయి.

ఇలంగ్వాక్ ఆ మాట పైకి రానివ్వలేదు. తోలుతో సహా అంచుదాకా ఈడ్చి నీళ్లలోకి దొర్లించాడు. అనుకున్నంత బరువు లేడు. నీళ్లు మళ్లీ నున్నగా సర్దుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. ఈసారి పేరు కూడా మునిగిందిలే అనుకున్నాడు.

మంచు పగిలిందని చెప్పాలి. దారి పొడుగునా ఏడుపు సాధన చేసుకుంటూ వచ్చాడు.

తలుపు తీసేసరికి నివి, పాలు చేపి తడిసిన చొక్కా అదుముకుంటూ ఎదురొచ్చి, "ఏడీ నా చంటాడు? పోయిన నీ నేస్తం పేరు పెట్టుకున్నామని, అతనే మళ్లీ పుట్టాడని ఊరంతా వాణ్ణి పీతారాక్ పీతారాక్ అంటున్నారు గానీ, పొద్దున మన పిల్లాడు పలికిన మొదటి మాట 'నాన్నా' అనే," అంది.