తలుపులో అద్దం

ఊర్మిళ గోడకు ముఖం పెట్టి మాట్లాడుతోంది.

కమలాకర్‌కు ఒక్క ముక్క అందలేదు. ఆమె వీపు కదలడం మాత్రం కనిపించింది.

పద్నాలుగేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. సూరత్‌లో ఆ సాంచాలు నడిపే ఎవరినైనా అడగండి, షెడ్డులో గొంతుతో పనే ఉండదంటారు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవాల్సిందే.

పెళ్ళైన కొత్తలో ఊర్మిళా ఆ విద్య నేర్చుకుంది. అత్త భాగ్యలక్ష్మి మధ్యలో కూర్చుని బియ్యం ఏరుతుంటే, మొగుడూ పెళ్ళాం చప్పుడు లేకుండా ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళు. ఒకసారి నవ్వాపుకోలేక ఊర్మిళ చేతిలో పళ్లెం జారవిడిచింది. "గంత నవ్వేందే పిల్లా?" అంటూ అత్త కూడా నవ్వింది.

ఆ ఇల్లు ఇదే.

ఇప్పుడు బిడ్డ పుట్టి ఆరు రోజులు. పోయి కూడా ఆరు రోజులే.

కమలాకర్ పెళ్ళాం భుజం పట్టి తన వైపు తిప్పాడు. "ఏందన్నవు?"

"విననట్టు చేస్తవేంది? బిడ్డ ఏడ్చిందా అని అడిగిన."

మళ్ళీ అదే మాట.

కోసి తీశారు బిడ్డను. ఊర్మిళకు మత్తు. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. "ఊపిరి నిలవలేదు" అని డాక్టరమ్మ హిందీలో ఒక్క మాట చెప్పి ఇంకో కాన్పుకు వెళ్ళిపోయింది.

ఆపరేషన్ గది తలుపు బయట నిలబడ్డది ఇద్దరే, భాగ్యలక్ష్మీ ఆమె పెద్దకొడుకు కమలాకరూ.

భాగ్యలక్ష్మి ఆ రోజే తేల్చేసింది. "సప్పుడే చేయలే. సప్పుడు చేయనిదానికి మైలేంది, పేరేంది?" పర్వత్ పాటియాలో వాళ్ళ గల్లీ అంతటికీ అదే చెప్పింది. పురుటి మైల ఊర్మిళ ఒక్కదానిదే, వెనక గదిలో ఉంటే చాలంది.

చిన్నకొడుకు నరేశ్ లగ్గం ఇంక నాలుగు రోజులు. కార్డులు పంచేశారు. ఏడ్చి పోయిన పిల్లయితే ఇల్లంతా మైల, లగ్గం ఆగుతుంది. ముప్పై రెండేళ్ళకు కుదిరిన సంబంధం, ఆగితే మళ్ళీ కుదురుతుందని ఎవరు రాసిచ్చారు? నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. ఇది నూటొకటోది.

"చెప్పు. తలుపు కాడ్నే ఉంటివి గదా."

"ఉన్న."

"మరి?"

"తెల్వదు."

ఊర్మిళ మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఆ తలుపుకు గుండ్రటి చిన్న అద్దం ఉంది. అందులోంచి చూశాడతను. నర్సు బిడ్డ వీపు రుద్దుతోంది. పిల్ల నోరు తెరిచింది. గుప్పెడంత ముఖంలో నోరే సగం. తర్వాత మూసేసింది. ఒక్కసారే.

అదే క్షణంలో పక్కనున్న తన తల్లి ఏదో విన్నట్టు పైకి చూసి రెండు చేతులూ జోడించింది. అదీ చూశాడు.

అతనికి మాత్రం ఏమీ వినపడలేదు. ఇంట్లో అందరూ "వానికి చెవులు జర మందం" అనుకుంటారు. ఎంత మందమో పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు. సిగ్గు. కన్నబిడ్డ ఏడుపు వినలేని చెవులు ఉంటేనేం, ఊడితేనేం!

ముందు గదిలో పసుపు దంచడానికి ఐదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. రోకలి దెబ్బలకు నేల అదురుతుంటే కమలాకర్‌కు అరికాళ్ళలో తెలుస్తోంది.

ఊర్మిళ లేచింది. కుట్ల మీద చెయ్యి అదిమి పెట్టుకుని, గోడ పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. అతను వెంట పడ్డాడు.

"రోకలి ఆపుండ్రి. ఈ ఇంట్ల మైలుంది. నా బిడ్డ ఏడ్చి పోయింది."

"ఎవరు విన్నరే?" భాగ్యలక్ష్మి లేచి నిలబడింది.

"నీ కొడుకునడుగు అత్తా."

అందరూ కమలాకర్ వైపు చూశారు.

భాగ్యలక్ష్మి కూడా ముప్పై ఏళ్ళు సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టిన మనిషి. కొడుకు వైపు తిరిగి, గొంతు రాకుండా పెదాలతో అంది. "వద్దు కొడకా. తమ్ముని బతుకు."

"ఏడ్చింది," అన్నాడు కమలాకర్. అతని గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు. గల్లీ చివర చాయ్ బండి దాకా వినపడింది. "నేను విన్న."

భాగ్యలక్ష్మి కొడుకు చెవుల వంక చూసింది. కన్నతల్లికి తెలియదా? సగం దంచిన పసుపు ముందు కూలబడింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. గడపలో ఉన్న నరేశ్ తన అన్న ముఖం చూడకుండా బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

వెనక గదిలో ఊర్మిళ మంచం మీద కూర్చుంది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి తానుగా మొగుడి వైపు తిరిగింది. జాకెట్టు పాలతో తడిసి ఉంది.

అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మంచిగ చెప్పినవు," అంది. "ఇగ నాకు ఒక్కదానికే చెప్పు. బిడ్డ గొంతు ఎట్లుండె?"

అతను నోరు తెరిచాడు.

"సన్నగుండెనా? గట్టిగుండెనా?"

ఊర్మిళ అతని పెదాల వంకే చూస్తూ కూర్చుంది.