ఏ కుప్పలోనూ చేరని గొట్టం

ఆ ఒక్క గొట్టాన్ని ఏ కుప్పలో వేయాలో హార్లన్‌కు తోచలేదు.

కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందు కూరేముందు, అడుగున ముద్ర చూసి ఏ కంపెనీవి ఆ కంపెనీకి వేరు చేయాలి. ఒకదాని గోడ మందం, ఇంకోదానిది పల్చన. అన్నింట్లో ఒకే కొలత మందు పోస్తే తుపాకీ చేతిలోనే పేలొచ్చు. అమెరికాలోని మోంటానాలో ఆ లోయ మొత్తానికీ ఆ పని చేసిపెట్టేది హార్లనే. ఎవరు ఏ కంపెనీ తూటాలు వాడతారో అతనికి కంఠతా వచ్చు.

ఇది మాత్రం లోయలో ఎవరిదీ కాదు. పొద్దున తన కంచె పక్కనే దొరికింది. నిన్న సాయంత్రం నుంచి కుక్క డాలీ జాడ లేదు.

"వాగవతల చక్రాల ట్రైలర్ ఇంట్లో కొత్తగా దిగాడే, వాడిదే ఇది. నా డాలీని కాల్చేశాడు."

"నువ్వు చూశావా?" అంది భార్య నెట్టీ.

"చూడాలా? ముద్ర చెప్పడం లేదూ?"

హార్లన్‌కు ఇత్తడి మీదున్న నమ్మకం మనుషుల మీద లేదు.

"మరి తుపాకీ పేలితే వినపడలేదా?"

"మోటారు రంపంతో కట్టెలు కోస్తున్నా. చప్పుడు పడక చెవులకు మూతలు పెట్టుకున్నాను కదే!"

గుమ్మంలో నీడ పడింది. ఆ వాగవతలి మనిషే. చొక్కా ఒక చెయ్యి చిరిగిపోయింది. ఒంటి నిండా నెత్తుటి మరకలు.

హార్లన్ గోడకున్న రైఫిల్ అందుకున్నాడు.

"ఈ గొట్టం నీదేనా?"

"నాదేనండి. నిన్న మీ కంచె దగ్గర..."

"కాల్చావా, లేదా?"

"కాల్చాను. కానీ..."

"నా కుక్కేదీ?"

"వాగు దగ్గరుంది. నాతో రండి, చూపిస్తాను."

"చేసిందంతా చేసి చూపిస్తావా! ఇంకొక్క మాటన్నావంటే నీకూ అదే గతి. ఈ లోయలో మళ్లీ కనపడకు, పో!"

నెట్టీ ముందుకొచ్చి హార్లన్ చెయ్యి పట్టుకుంది.

అతను తుపాకీ మొన వంక చూశాడు. టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు. కాసేపటికి అతని ట్రక్కు కదిలిన చప్పుడైంది.

హార్లన్ పార భుజాన వేసుకుని వాగులోకి దిగాడు. కళ్లు మసకబారుతున్నాయి. పాలసీసా పట్టి పెంచిన కుక్క అది.

డాలీ తోక ఊపింది!

దాని వెనక కాలికి చిరిగిన చొక్కా చెయ్యి కట్టి ఉంది. పక్కనే మనిషంత పొడవు కొండసింహం చచ్చి పడి ఉంది.

హార్లన్ కుక్కను ఎత్తుకుని, నెత్తుటి చుక్కల వెంట, సింహం పంజా గుర్తుల వెంట, దాన్ని తరిమిన కుక్క, మనిషి అడుగుల వెంట గట్టెక్కాడు. గుర్తులు నేరుగా తన కంచె దాకా వచ్చాయి.

"నెట్టీ! ఆయన్ని ఆపు!"

"ఎప్పుడో మలుపు దాటేశాడు. పేరైనా అడిగావా?"

హార్లన్ చివరి పంజా గుర్తు దగ్గర ఆగాడు.

దూకబోతూ పంజాలు నేలను దున్నిన చోటికి బారెడు దూరంలో, నిన్న సాయంత్రం తను చెవులకు మూతలు పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కట్టెలు కోసిన మొద్దు ఉంది.