పైనుంచి వచ్చింది

“నాలుగింటికల్లా పాత లైన్ క్లోజ్ చేసెయ్యండి శేషాచలం గారూ,” అన్నాడు మేనేజర్ విష్ణువర్ధన్, కూర్చోకుండానే. “పైన ఒక్కచోట నొక్కితే చాలు. కిందవన్నీ అవే క్లోజైపోతాయి.”

గోడౌన్లలో పెట్టెలు మోసే బెల్టులను డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ అది. పైన లైను, దాని కింద బెల్టులు, వాటి కింద మోటార్లు, అట్టడుగున వాటిని గీసే మనుషుల పేర్లు. పైదాని స్థితి ఏదైతే కిందవాటిదీ అదే. యథా రాజా తథా ప్రజా.

“అడుగున రెండు పేర్లున్నాయండీ. నాదీ, అమృతదీ.”

“తెలుసు. కొత్త లైన్లో ఒక్కరికే చోటు. యాక్టివ్‌గా మిగిలిన పేరే హెచ్‌ఆర్‌కి వెళ్తుంది. పేరు పక్కన ‘పైనుంచి’ అని టిక్కుంటుంది కదా, మీది తీసేసుకోండి, పైది క్లోజైనా మీరు బతికిపోతారు. రెండో టిక్కు తీయనివ్వదు.” గొంతు తగ్గించాడు. “నాకూ పైనుంచే వచ్చింది సార్.”

అతను వెళ్ళిపోయాడు. పక్క సీట్లో అమృత అంతా వింది.

“ఉద్యోగం పోతే నా వీసా గూడ క్లోజే గదా అంకుల్,” అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

శేషాచలానికి చిరాకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు, కానీ ఎదురుగా ఉన్నది ఆ పిల్లే.

“నాకు యాభై తొమ్మిదమ్మా! బయటికెళ్తే నన్నెవడు పిలుస్తాడు? ఊరవతల ట్రుగనీనా గోడౌన్లలో పెట్టెలు మొయ్యడానిక్కూడా పనికిరాను.”

“మిమ్మల్ని అంటలేను అంకుల్.”

మధ్యాహ్నం శేషాచలం అన్నం డబ్బా తెరిచాడు, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. అలిసిపోయాడు. పనికి కాదు, ఈ పైనుంచి రావడాలకి.

సరిగ్గా నాలుగింటికి నొక్కాడు. బెల్టులు, మోటార్లు వరసగా బూడిద రంగులోకి మారిపోయాయి.

అమృత చార్జరు చుట్టి, కప్పు కడిగి సంచిలో పెట్టుకుంది. ఆఖరుసారి ఇంటికి మెయిల్ పంపుకుందామని కంప్యూటర్ తట్టింది. తెరుచుకుంది. మళ్ళీ తట్టింది. మళ్ళీ తెరుచుకుంది.

“అంకుల్! నాది ఇంకా నడుస్తుంది. మీ టిక్కు తీసుకోలేదా ఏంది?”

శేషాచలం తెర మీద ‘మీకు ప్రవేశం లేదు’ అని ఉంది. ఆయన డబ్బా అందుకుని లేచాడు.

“ఒక్కటే తీయనిచ్చిందమ్మా.”