తాండ్ర మీద ఈగలు

"ఎక్కడ దాచావే నీ మొగుణ్ణి?"

ఇన్‌స్పెక్టరు లాఠీ రాజ్యలక్ష్మి భుజం మీద పడింది. ఆమె తూలి గోడ పట్టుకుంది.

నలభై తొమ్మిదో సంవత్సరం, మామిడిపళ్ల రోజులు. కమ్యూనిస్టు పార్టీవాళ్లు దొరికితే పోలీసులు తోటలోకి తీసుకెళ్లి కాల్చేస్తున్నారు. ఆమె భర్త గంగరాజుకు నిన్న మైలవరం దారిలో తొడలో తూటా దిగింది. నెత్తుటి చుక్కలు ఈ ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయాయి.

"నాకు తెలీదండీ."

"నువ్వు చెప్పక్కర్లేదు. ఈగలు చెబుతాయి. పుండున్న చోట వాలకుండా ఉంటాయా?"

తెలివిగలవాడే, కాదనలేం. ఇల్లంతా గాలించాడు. ఒక్క ఈగ లేదు. వంటింట్లో వేపాకు పొగ. గిన్నెలన్నిటి మీదా గుడ్డలు.

"ఇంత శుభ్రమేంటే?"

"తాండ్ర పోస్తున్నామండీ. పొగ వేయకపోతే ఇల్లంతా ముసురుతాయి."

పెరట్లోకి వచ్చాడు. ఎండలో తాటాకు చాపలు, వాటి మీద పోసిన మామిడి రసం. పక్కనే కూర్చున్న తెల్లచీర ముసుగులోంచి ఒక వేపమండ ఊగుతోంది. ఎంత తోలినా ఈగలు అక్కడే ముసురుతున్నాయి.

"ఎవరది?"

"మా మేనత్త నాగేంద్రమ్మండీ. చెవులు వినపడవు."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వేశాడో లేదో, కానిస్టేబులు బసవపున్నారావు అడ్డం వచ్చాడు.

"అటెళ్లకండి సార్. విధవావిడ. పనిమీద వచ్చి ఆ మొహం చూస్తే మనం మళ్లీ ఇంటికి చేరం."

ఊళ్లో వాళ్లందరినీ చంపుతానని బెదిరించేవాడికి తన ప్రాణమంటే మహా తీపి. ఇన్‌స్పెక్టరు ఉమ్మేసి వెనక్కి తిరిగాడు.

పశువుల పాక మూల గడ్డి మీద ఈగలు నల్లగా కమ్ముకున్నాయి. అంతే, ఒక కానిస్టేబులు చేతిలో తుపాకీ లాక్కుని బాయినెట్టు దించాడు. మెత్తగా దిగింది. "చావరా!" అంటూ మళ్లీ మళ్లీ పొడిచాడు. గడ్డి లాగి చూస్తే రసం పిండి పారేసిన టెంకలు, కుళ్లిన తొక్కలు. లేచిన ఈగలన్నీ ఆయన మొహం మీద వాలాయి. కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ నవ్వుకు రాజ్యలక్ష్మి బలైంది. జుట్టు పట్టి పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. బూటుకాలితో డొక్కలో తన్నాడు. తుపాకీ మడమతో కొట్టి చెయ్యి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఆమె నోట్లోంచి నెత్తురొచ్చింది గాని మాట రాలేదు.

నాలుగడుగుల అవతల వేపమండ ఆగలేదు. ముసుగు ఇటు తిరగలేదు. చూసేవాడికి ఒళ్లు మండిపోయే దృశ్యం.

"మేనకోడలు చస్తుంటే ఈ ముసల్దానికి తాండ్రే ఎక్కువైంది! ఏం మనుషులండీ!" అన్నాడు బసవపున్నారావు, అటు చూడకుండానే.

వ్యాను దుమ్ము రేపుకుంటూ బాపులపాడు వైపు వెళ్లిపోయింది.

రాజ్యలక్ష్మి ఒంటిచేత్తో పాక్కుంటూ చాప దగ్గరికి చేరి, తెల్లచీర ముసుగు తొలగించి, భర్త కళ్లు తుడిచింది.