కాకి ముట్టని పిండం

అల్లవరం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పాతకోటను హోటల్ చేసి ఏడాదైంది. గదులన్నీ ఖాళీ. అందులో దెయ్యం ఉందని పుకారు. మొన్నటికి మొన్న భీమవరం నుంచి వచ్చినాయన మేడ మీద అడుగుల చప్పుడు వినిపించిందని, పళ్ళెంలో పులస చేప ముక్క వదిలేసి పరుగెత్తాడు. పులస ముక్క వదిలేశాడంటే అది మామూలు భయం కాదు మరి!

అలాంటి కోటలో దిగారు తలలు నెరిసిన లాజరు మాస్టారు, ఆయన భార్య కృపమ్మ.

“సముద్రం వైపు మేడగదే కావాలి,” అంది కృపమ్మ.

వంటమనిషి సూరమ్మ గొంతు తగ్గించింది. “అది భూలక్ష్మమ్మగారి గదండి. మా అయ్యగారి అక్కగారండి. అయ్యగారు అప్పటికి ఉయ్యాల్లో పిల్లాడు. పెళ్ళి రేపనగా ఆవిడ బురుజు మీద చెప్పులు వదిలేసి సముద్రంలో దూకేసేరండి. శవమైనా దొరకలేదండి. ఏటా తద్దినం పెడతారు. ఒక్క ఏడూ కాకి పిండం ముట్టలేదండి! కోరిక తీరక ఇక్కడే తిరుగుతున్నారు, ఆయ్!”

“పాపం, ఏం కోరికో!” అంది కృపమ్మ. మాస్టారు గట్టిగా దగ్గారు.

మర్నాడే ఆ తద్దినం. హోటల్ యజమాని సత్యనారాయణమూర్తి పిట్టగోడ మీద పిండం పెట్టి చేతులు జోడించాడు. ఈసారీ కాకి ముట్టకపోతే ఇక దెయ్యం కోటకి వచ్చేవాళ్ళుండరు. రొయ్యల వ్యాపారికి అమ్మేయడమే.

కొబ్బరిచెట్ల నిండా కాకులు. ఒక్కటీ దిగలేదు.

“అక్కా, పట్టుచీర పెడతానే!”

ఒక కాకి రెక్కలు దులుపుకుని పక్కచెట్టు మీదికి ఎగిరింది.

“గుళ్ళో నీ పేర గంట కట్టిస్తానే!”

ఒక కాకి వంగి చూసి, ముక్కు మట్టకి రాసుకుని ఊరుకుంది.

“పోనీ, పనసపొట్టు కూర వండిస్తానే! ఆవ పెట్టి!”

కృపమ్మకి నవ్వు ఆగలేదు.

సూరమ్మకి ఒళ్ళు మండింది. “నవ్వకండమ్మా! చర్చికెళ్ళేవారు, మా పిండాల సంగతి మీకేం తెలుస్తుందండి?”

“నవ్వనీ సూరమ్మా,” అన్నాడు మూర్తి. “అక్క మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. ఒక్క ఫొటో కూడా నాన్నగారు మిగల్చలేదు. ఆవిడ తిరిగిన ఈ ఇల్లొక్కటే ఉంది. ఇదీ పోతోంది.”

కృపమ్మ నవ్వు ఆగిపోయింది. మాస్టారి వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, సరేనన్నట్టు నిలువుగా ఊపారు.

ఆవిడ వెళ్ళి మూర్తి చెయ్యి పట్టుకుంది.

“నేను బతికుండగా నా పిండం కాకెలా ముడుతుందిరా, తమ్ముడూ!”