మెత్తపండ్లాయన

ఎర్రగా నిగనిగలాడే స్ట్రాబెర్రీని పక్కకు తప్పించి, దాని వెనక కుళ్ళిన పండును తుంచి బకెట్లో వేసుకున్నాడు పెద్దాయన.

"తొడిమతో కోయండి, కడక్కుండా ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందే కడగండి" అని, పండ్లు కోసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళందరికీ గేటు దగ్గర పాఠం చెప్పే తోట యజమాని భార్యకు నవ్వొచ్చింది.

"ఏమండీ, మీ మెత్తపండ్లాయన మళ్ళీ వచ్చాడు."

భర్తకు నవ్వు రాలేదు.

పట్నంలో బట్టల కొట్టు అమ్మేసి కొన్న తోట ఇది. బేరం, సంతకాలు అన్నీ బ్రోకరే చూసుకున్నాడు. ఇదే మొదటి కాపు. గేటు దగ్గర అమ్మేది కాస్తే, మిగతాదంతా జామ్ ఫ్యాక్టరీ కొనాలి. తోటలో బూజు కనిపిస్తే వాళ్ళు ఒక్క పండు కూడా ముట్టుకోరు.

కుళ్ళినవాటిని మొక్కకే వదిలేస్తే రాలి ఎరువవుతాయని భర్త నమ్మకం. బట్టల కొట్టులో నేర్చుకున్న వ్యవసాయం మరి.

"పెద్దాయనా, రోజూ అవే ఏరుకెళ్తారు. ఏం చేస్తారు?"

"పారేస్తాను బాబూ."

"పారేయడానికి ఎవరైనా పనిగట్టుకుని వచ్చి కోసుకుంటారా?"

పెద్దాయన కుంటుకుంటూ పక్క మొక్క దగ్గరికి జరిగాడు.

భర్త భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వాటితో జామ్ చేసి మన తోట పేరు చెప్పి అమ్ముతున్నాడు. తిన్నవాళ్ళకి కడుపు చెడితే పోయేది మన పరువే."

వెనక్కెళ్ళి చెప్పేశాడు. "రేపటి నుంచి రావద్దు."

"ఈ వానలు తగ్గేదాకా రానివ్వండి బాబూ."

"కుదరదు."

"సరే. ఈ వరస పూర్తి చేసి పోతాను."

చీకటి పడేలోపు పూర్తి చేసి, బకెట్ మోసుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫ్యాక్టరీ అధికారి వచ్చాడు. ప్రతి వరసలో ఆకులెత్తి చూస్తుంటే, భార్యాభర్తలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని వెనకే నడిచారు.

"ఈ వానలకి చుట్టుపక్కల తోటలన్నీ బూజు పట్టిపోయాయి. మీ దగ్గర మచ్చుకైనా లేదు. పాడైనవి ఏరడానికి ఎంతమందిని పెట్టారు?"

"ఎవరినీ పెట్టలేదండి. ఎరువవుతాయని వదిలేశాం."

"వదిలేస్తే తోటంతా పాకేది. ఎవరో రోజూ ఏరారు. సరే, రేపు లారీ పంపిస్తాను."

భర్త అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. భార్య ఒక పండు కోసి, ఆయన నోట్లో సగం పెట్టి, మిగతా సగం తాను తిన్నది. తమ తోట పండు రుచి ఇన్నాళ్ళకు తెలిసింది. ఇద్దరికీ హాయిగా నవ్వొచ్చింది.

నవ్వుతూ నవ్వుతూ భార్య ఆగిపోయింది. "ఏమండీ, మెత్తపండ్లాయన."

భర్త గభాలున లేచాడు. "సార్, పొడుగ్గా ఉంటాడు, కాస్త కుంటుతాడు. ఎక్కడుంటాడో తెలుసా? వెళ్ళి పిలుచుకొస్తాను."

"ఆయనా? పొద్దున బస్టాపులో కనిపించాడు. ఇక్కడ ఇంక పనేం లేదు, కూతురి దగ్గరికి పోతున్నానని బస్సెక్కేశాడు."

"ఎవరండీ ఆయన?"

అధికారి వింతగా చూశాడు.

"పోయినేడు ఇలాంటి వానలకే పంటంతా బూజు పట్టిపోతే, ఈ తోట మీకు అమ్ముకున్నది ఆయనే కదా."