తోక పడ్డ చోటు

ఏడు అడవుల జంతువులు కలిసి ఏటి ఒడ్డున మూడు గెంతుల పోటీ పెట్టుకున్నాయి. గీత దగ్గర ఎగిరి, రెండుసార్లు మాత్రమే నేలకి కాలు మోపి, మూడో గెంతుకి ఇసుకలో పడాలి.

"ఒంట్లో ఏది తగిలినా సరే, గీతకి దగ్గరగా ఉన్న గుర్తు నుంచే కొలుస్తాను" అని తాబేలు పెద్దాయన ముందే చెప్పాడు.

కొండముచ్చు ఆ మాట వింటేగా! బారెడు తోక దువ్వుకుంటూ, "తోకైనా లేదు, నువ్వేం గెంతుతావురా?" అని గోదురుకప్పని వెక్కిరించింది. కప్ప ఆ తోక వంక చూసి నవ్వింది. గెలుపు తనదేనని దానికి అప్పుడే తెలిసిపోయింది.

కొండముచ్చు గాలిలో తేలిపోతూ ఆరు బారల అవతల పడింది. ఈలలే ఈలలు! తాబేలు నింపాదిగా వచ్చి, వెనకాల తోక కొస తగిలిన చోట పుల్ల గుచ్చాడు.

"ఐదు బారలు."

తర్వాత కప్ప గెంతింది. ఐదున్నర!

"అన్యాయం! నా కాళ్లు పడింది అక్కడ కదా!" అని కొండముచ్చు గగ్గోలు పెట్టింది.

కప్ప ఒంటి మీది ఇసుక దులుపుకుంది.

"నాకూ ఉండేది అన్నా, తోక. ఒడ్డెక్కి గెంతాలనుకున్న రోజే నీళ్లలో వదిలేసి వచ్చాను."